థైరాయిడ్ మాత్ర వాడుతున్నా టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 రెండూ ఎక్కువగా వచ్చాయి: ఈ రిపోర్టును ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న — వెన్నెలవాన

అందరికీ నమస్కారం. మా అమ్మకు 58 ఏళ్లు. హైపోథైరాయిడిజం (థైరాయిడ్ గ్రంథి తగినంత హార్మోను తయారుచేయకపోవడం) ఉందని తేలినప్పటి నుంచి చాలా ఏళ్లుగా రోజూ 100 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర వేసుకుంటోంది. ఇంతకాలం ఎప్పుడు పరీక్ష చేయించినా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను) 2, 3 మధ్యలోనే ఉండేది. ఈసారి మాత్రం టీఎస్‌హెచ్ 11.2 అని వచ్చింది. ఆ ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిధి 0.4 నుంచి 4.0. దానితోపాటు ఫ్రీ టీ4 (రక్తంలో ఉన్న థైరాయిడ్ హార్మోను కొలత) కూడా 1.9 వచ్చింది, దాని పరిధి 0.8 నుంచి 1.8. రెండు అంకెల పక్కనా ‘ఎక్కువ’ అనే గుర్తు ఉంది.

నాకు తెలిసినంతలో టీఎస్‌హెచ్ పెరిగితే మందు చాలడం లేదని, ఫ్రీ టీ4 పెరిగితే మందు మోతాదు మించిందని అర్థం. మరి రెండూ ఒకే రిపోర్టులో ఎక్కువగా ఉంటే దేన్ని నమ్మాలి? ఇంట్లో ఒకరు డోసు పెంచాలంటున్నారు. మరొకరు ‘థైరాయిడ్ ఎక్కువైంది కాబట్టి మాత్ర ఆపేయాలి’ అంటున్నారు. అమ్మకు నీరసం, మలబద్ధకం ఉన్నాయి. గుండె దడ, చేతుల వణుకు లేవు. పరీక్ష రోజున ఎప్పటిలాగే తెల్లవారుజామున మాత్ర వేసుకుని, సుమారు రెండు గంటల తరువాత రక్తం ఇచ్చింది. ఎముకల కోసం కొంతకాలంగా కాల్షియం మాత్రలు కూడా వాడుతోంది. వచ్చే వారం డాక్టరుగారిని కలవబోతున్నాం. ఈలోగా మాత్ర కొనసాగించాలా వద్దా, డాక్టరుగారికి ఏయే వివరాలు చెప్పాలి అన్నది తెలుసుకోవాలని అడుగుతున్నాను.

జవాబు — నీలిమేఘం

వెన్నెలవాన గారూ, ముందుగా ఒక్క మాట: డాక్టరుగారిని కలిసేవరకు మాత్ర ఆపవద్దు, పెంచవద్దు. రిపోర్టులో ‘ఎక్కువ’ అనే గుర్తు ఆ అంకె ల్యాబ్ పరిధిని దాటిందని మాత్రమే చెబుతుంది. శరీరంలో థైరాయిడ్ హార్మోను ఎక్కువైందని కాని, మందు ఎక్కువైందని కాని అది చెప్పదు. నేను శరీరధర్మశాస్త్రం బోధిస్తాను. విద్యార్థులు కూడా మొదట తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో థైరాయిడ్ హార్మోను తగ్గితే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది, హార్మోను ఎక్కువైతే తగ్గిస్తుంది. ఈ స్పందన చాలా సున్నితమైనది. ఫ్రీ టీ4 కొద్దిగా మారినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు మారుతుంది. అందుకే లెవోథైరాక్సిన్ వాడేవారిలో డోసు సరిపోయిందో లేదో చూడడానికి వైద్యులు మొదట టీఎస్‌హెచ్‌నే చూస్తారు.

అయితే ఈ రెండు అంకెలు ఒకే కాలానికి చెందిన సమాచారం ఇవ్వవు. ఫ్రీ టీ4 ఇటీవలి రోజులలో, ఇంకా చెప్పాలంటే ఆ ఉదయం, రక్తంలోకి చేరిన హార్మోను లెక్క చెబుతుంది. టీఎస్‌హెచ్ గడచిన కొన్ని వారాల లెక్క చెబుతుంది. లెవోథైరాక్సిన్ అర్ధాయుష్షు, అంటే రక్తంలోని మందు సగానికి తగ్గే కాలం, సుమారు 7 రోజులు. డోసులో ఏ మార్పు వచ్చినా రక్తంలో స్థాయి కుదురుకోవడానికి దాదాపు 5, 6 వారాలు పడుతుంది, పిట్యూటరీ ఆ మార్పును పూర్తిగా లెక్కలోకి తీసుకోవడానికీ అంతే సమయం కావాలి. కాబట్టి మాత్రలు కొన్నాళ్లు సరిగ్గా పడక, తరువాత మళ్లీ సరిగ్గా పడడం మొదలైతే, ఫ్రీ టీ4 త్వరగా పైకి వస్తుంది, టీఎస్‌హెచ్ మాత్రం ఇంకా పాత లోటునే చూపిస్తూ ఉంటుంది. ఆ మధ్యకాలంలో పరీక్ష చేయిస్తే రెండూ ఎక్కువగానే కనిపిస్తాయి.

మీరు రాసిన వివరాలలో రెండు ముఖ్యమైనవి ఉన్నాయి. ఒకటి, మాత్ర వేసుకున్నాక రక్తం ఇవ్వడం. మాత్ర వేసుకున్న 2 నుంచి 4 గంటలలో ఫ్రీ టీ4 తాత్కాలికంగా 15, 20 శాతం వరకు పెరగవచ్చు. టీఎస్‌హెచ్ మీద ఆ కొద్దిసేపటి పెరుగుదల ప్రభావం చెప్పుకోదగ్గంతగా ఉండదు. మీ అమ్మగారి 1.9 నుంచి ఆ పెరుగుదలను తీసివేస్తే సుమారు 1.6 దగ్గరకు వస్తుంది, అంటే పరిధిలోకే వస్తుంది. రెండవది కాల్షియం. థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకుంటే అది పేగులలో లెవోథైరాక్సిన్‌ను పట్టుకుని రక్తంలోకి చేరకుండా అడ్డుకుంటుంది. ఐరన్ మాత్రలూ అదే పని చేస్తాయి.

కాని ఇక్కడ నాకొక సందేహం మిగిలే ఉంది. కాల్షియం వల్ల మందు అందకపోయి ఉంటే ఫ్రీ టీ4 కూడా తగ్గాలి, లేదా కనీసం పరిధిలో కింది వైపు ఉండాలి. పరీక్ష సమయాన్ని సవరించుకుని చూసినా 1.6 అనేది 11.2 టీఎస్‌హెచ్ పక్కన పొసగే అంకె కాదు. అందుచేత గత రెండు నెలలలో అమ్మగారు మాత్రలు ఎలా వేసుకున్నారో ఒకసారి నెమ్మదిగా అడిగి చూడండి. నిలదీసినట్లు అడిగితే పెద్దవాళ్లు నొచ్చుకుని ‘రోజూ వేసుకుంటున్నాను’ అనేసి ఊరుకుంటారు.

జవాబు — తూరుపుగాలి

ఈ చర్చను చదివే ఇతరుల కోసం ఒక హెచ్చరిక చేర్చాలనిపించింది. ‘థైరాయిడ్ మందు’ అంటే అందరికీ ఒకే మందు కాదు. నేను హైపర్‌థైరాయిడిజానికి, అంటే గ్రంథి హార్మోనును ఎక్కువగా తయారుచేసే జబ్బుకు, కార్బిమజోల్ వాడుతున్నాను. ఇది హార్మోను ఇచ్చే మందు కాదు, గ్రంథి హార్మోను తయారుచేయకుండా ఆపే మందు. మాలాంటివారిలో టీఎస్‌హెచ్ పరిధి దాటి పెరిగి ఫ్రీ టీ4 తగ్గితే మందు చాలడం లేదని కాదు, మందు ప్రభావం అవసరాన్ని మించిందని అర్థం. అప్పుడు వైద్యులు సాధారణంగా డోసు తగ్గిస్తారు. అదే అంకెను చూసి పక్కింటివారికి డోసు పెంచారు కదా అని మనమూ పెంచుకుంటే చాలా ప్రమాదం.

ఇంకో తేడా కూడా ఉంది. చికిత్స మొదట్లో మాకు ఫ్రీ టీ4, టీ3 (మరో థైరాయిడ్ హార్మోను) సాధారణ స్థాయికి వచ్చిన తరువాత కూడా టీఎస్‌హెచ్ వారాల తరబడి, ఒక్కొక్కసారి నెలల తరబడి, అణగి ఉండిపోతుంది. ఆ దశలో టీఎస్‌హెచ్ ఒక్కదాన్నే చూస్తే జబ్బు ఇంకా తగ్గలేదనిపిస్తుంది, అందుకే వైద్యులు మిగిలిన రెండింటినీ చూస్తారు. కార్బిమజోల్ వాడుతున్నవారికి జ్వరం, గొంతునొప్పి, నోటిలో పుండ్లు వస్తే మాత్రం థైరాయిడ్ పరీక్ష కోసం చూడకుండా వెంటనే వైద్యునికి చెప్పి తెల్లరక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదుగానే అయినా ఈ మందు ఆ కణాలను ప్రమాదకరంగా తగ్గించగలదు.

జవాబు — గాజుపలక

నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను. నీలిమేఘం గారు చెప్పిన దారి సరైనదే. దానికి తోడు, అంకెలు ఎక్కువగా రావడానికి పరీక్ష విధానం కూడా కారణం కావచ్చు కాబట్టి ఆ వైపు నుంచి రాస్తున్నాను.

జుట్టు, గోళ్ల కోసమని అమ్మే విటమిన్ మాత్రలలో బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉంటుంది. చాలా యంత్రాలలో టీఎస్‌హెచ్, ఫ్రీ టీ4 కొలిచే రసాయన విధానం బయోటిన్, స్ట్రెప్టావిడిన్ అనే రెండు పదార్థాల బంధం మీద ఆధారపడి ఉంటుంది. రోగి రక్తంలోనే బయోటిన్ ఎక్కువగా ఉంటే ఆ కొలత చెడిపోతుంది. ఫ్రీ టీ4, ఫ్రీ టీ3 అబద్ధంగా ఎక్కువగానూ, టీఎస్‌హెచ్ అబద్ధంగా తక్కువగానూ కనిపిస్తాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో బయోటిన్ గురించి ప్రత్యేకంగా హెచ్చరిక జారీ చేసింది. మీ అమ్మగారి విషయంలో బయోటిన్ ఫ్రీ టీ4 పెరుగుదలకు కారణం కాగలదు కాని టీఎస్‌హెచ్ పెరుగుదలకు కాదు. ఆమె బయోటిన్ వాడుతూ ఉంటే అసలు టీఎస్‌హెచ్ 11.2 కంటే ఇంకా ఎక్కువే ఉందని అనుమానించాలి. పరీక్షకు కనీసం 2 రోజుల ముందు బయోటిన్ ఆపమంటారు. మోతాదు బాగా ఎక్కువైతే అంతకంటే ముందే ఆపాలి. వాడుతున్న ప్రతి మాత్ర పేరు, వైద్యుడు రాయనివి కూడా, ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి.

కొందరి రక్తంలో ఉండే కొన్ని రకాల ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) పరీక్షలోని రసాయనాలకు అతుక్కుని టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపిస్తాయి. ఇది అరుదు. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా, లక్షణాలేవీ లేకపోయినా, నెలల తరబడి టీఎస్‌హెచ్ ఎక్కువగానే వస్తూ ఉంటే అప్పుడు అదే నమూనాను వేరే కంపెనీ విధానంతో కొలిపించి చూడమని వైద్యులు అడుగుతారు. పిట్యూటరీలో టీఎస్‌హెచ్ తయారుచేసే కణితి, థైరాయిడ్ హార్మోనుకు శరీరం సరిగ్గా స్పందించని జన్యులోపం అనే ఇంకా అరుదైన కారణాలూ ఉన్నాయి. వీటి పేర్లు చదివి భయపడవద్దు. ఇంతకాలం 2, 3 మధ్య స్థిరంగా ఉన్న మనిషికి ఒక్క రిపోర్టు తేడాగా వస్తే ముందుగా వెతకవలసినది ఇవి కావు.

పాత రిపోర్టులతో పోల్చేటప్పుడు కొలమానం కూడా చూసుకోవాలి. టీఎస్‌హెచ్‌ను లీటరుకు మిల్లీ యూనిట్లలో చెప్పినా, మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లలో చెప్పినా అంకె ఒక్కటే. ఫ్రీ టీ4 అలా కాదు. డెసిలీటరుకు 1.9 నానోగ్రాములు అంటే లీటరుకు సుమారు 24 పికోమోల్స్. ఈ తేడా గమనించక, ఒక ల్యాబ్‌లో 1.4 ఉన్నది ఇంకో ల్యాబ్‌లో 18 అయిందని కంగారుపడి మమ్మల్ని అడిగేవారు చాలామంది ఉన్నారు. అవి రెండూ ఒకే స్థాయి. టీఎస్‌హెచ్ రోజంతా ఒకేలా కూడా ఉండదు. రాత్రివేళ ఎక్కువగా, మధ్యాహ్నం తక్కువగా ఉంటుంది. అందువల్ల వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో, ఉదయం ఒకే వేళకు, మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి. రక్తం ఇచ్చాక మాత్ర వేసుకోవచ్చు. ఇలా చేస్తే వైద్యునికి పోల్చి చూడదగిన అంకెలు దొరుకుతాయి.

వెన్నెలవాన

మీ ముగ్గురికీ కృతజ్ఞతలు. నీలిమేఘం గారు చెప్పినట్లు అమ్మతో నెమ్మదిగా మాట్లాడాను. బంధువుల ఇంట్లో ఉన్నప్పుడు మాత్రలు అయిపోయాయట. ఎవరినీ ఇబ్బంది పెట్టడం ఎందుకని కొన్ని వారాలు వేసుకోలేదట. తిరిగి వచ్చాక మొదలుపెట్టింది కాని, తప్పిన మాత్రల లోటు పూడాలని పరీక్షకు ముందు కొన్ని రోజులు రెండేసి వేసుకుందట. పైగా ఉదయం థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర కలిపి వేసుకుంటోంది. మందులన్నీ ఒకేసారి వేసుకుంటే మరచిపోకుండా ఉంటాను అన్నది. బయోటిన్ ఉన్న విటమిన్లు ఏవీ వాడడం లేదు.

ఇంకొక ప్రశ్న. పాత ఫైలులో యాంటీ టీపీఓ అనే పరీక్ష ఫలితం 600కు పైగా ఉంది. ఇది కూడా చాలా ఎక్కువే కదా. దీన్ని మళ్లీ చేయించాలా? దీని వల్లనే ఇప్పుడు టీఎస్‌హెచ్ పెరిగిందా?

జవాబు — మందారమాల

నేను ఎండోక్రినాలజీ (హార్మోన్ల జబ్బుల) విభాగంలో పనిచేసే వైద్యురాలిని. మీ అమ్మగారిని పరీక్షించిన వైద్యుని సలహాకు ఇది ప్రత్యామ్నాయం కాదని గుర్తుంచుకుని చదవండి. మీరు ఇప్పుడు చెప్పిన వివరాలతో ఈ రిపోర్టు చాలావరకు తేటపడుతోంది. మాత్రలు మానిన వారాల ఫలితం టీఎస్‌హెచ్‌లో కనిపిస్తోంది; రెండేసి వేసుకున్న రోజులు, పరీక్ష ఉదయం వేసుకున్న మాత్ర ఫ్రీ టీ4లో కనిపిస్తున్నాయి. అందుచేత ఈ రిపోర్టును బట్టి 100 మైక్రోగ్రాములు ఆమెకు చాలతాయా లేదా అన్నది నిర్ణయించడం సాధ్యం కాదు. సాధారణంగా ఇటువంటి సందర్భంలో మేము డోసు మార్చము. అదే డోసును క్రమం తప్పకుండా వేసుకోమని చెప్పి 6 నుంచి 8 వారాల తరువాత పరీక్ష చేయిస్తాము.

తొందరపడి డోసు మార్చడాన్ని నేను గట్టిగా వద్దనడానికి కారణముంది. మాత్రలు వేసుకోకపోవడం వల్ల పెరిగిన టీఎస్‌హెచ్‌ను చూసి డోసు పెంచితే, ఆ తరువాత ఆమె పెంచిన డోసును రోజూ సరిగ్గా వేసుకున్నప్పుడు నిజంగానే హార్మోను ఎక్కువవుతుంది. ఎక్కువ డోసు చాలాకాలం కొనసాగితే గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు, ఎముకలు పలచబడవచ్చు. రుతుక్రమం ఆగిపోయిన స్త్రీలలో ఈ రెండవ ప్రమాదం మరీ ముఖ్యం. ఎముకల కోసం కాల్షియం వాడుతున్న మనిషికి ఎముకలను దెబ్బతీసే స్థాయిలో థైరాక్సిన్ ఇవ్వడం మనకు కావలసింది కాదు. మాత్ర పూర్తిగా ఆపేయడం దానికంటే తక్కువ తప్పు కాదు. ఆమె నీరసం, మలబద్ధకం ఇంకా పెరుగుతాయి.

థైరాయిడ్ మాత్రను పరగడుపున మంచినీళ్లతో వేసుకుని, అల్పాహారానికీ కాఫీకీ ముందు 30 నుంచి 60 నిమిషాలు ఆగాలి. కాల్షియం, ఐరన్, అల్యూమినియం ఉన్న యాంటాసిడ్ మందులకు దీనితో 4 గంటల ఎడం ఉండాలి. కాల్షియాన్ని మధ్యాహ్న భోజనంతోనో రాత్రి భోజనంతోనో పెట్టుకుంటే చిక్కు తీరుతుంది. ఉదయం కుదరనివారు రాత్రి భోజనమైన కనీసం 3 గంటల తరువాత పడుకోబోయే ముందు కూడా థైరాయిడ్ మాత్ర వేసుకోవచ్చు, అప్పుడు కాల్షియాన్ని ఆ వేళకు దూరంగా జరపాలి. ఏ పద్ధతి ఎంచుకున్నా దానికే కట్టుబడి ఉండడం అవసరం. మరచిపోతాననే భయం ఉంటే వారం రోజుల గదులున్న మాత్రల పెట్టె కొనండి. వేసుకున్నదీ లేనిదీ ఇంట్లో మిగిలినవారికి కూడా కనిపిస్తుంది. ప్రయాణానికి మాత్రలను కావలసినదానికంటే నాలుగు రోజులకు ఎక్కువగానే సర్దండి. వేడికి, తేమకు దూరంగా వాటి సొంత ప్యాకింగ్‌లోనే ఉంచాలి.

ఒక రోజు మాత్ర తప్పితే అదే రోజు గుర్తుకు వచ్చినప్పుడు వేసుకోవచ్చు. ఒక్క రోజు తప్పినంత మాత్రాన ప్రమాదమేమీ లేదు, ఈ మందు శరీరంలో చాలా రోజులు ఉంటుంది. వారాల లోటును మాత్రం రెండేసి మాత్రలతో సొంతంగా పూడ్చే ప్రయత్నం చేయకూడదు. గుండెజబ్బు ఉన్నవారికి, వయసు మళ్లినవారికి దాని వల్ల దడ, ఛాతీనొప్పి రావచ్చు. ఈ సంగతి అమ్మగారికి మీరే అర్థమయ్యేలా చెప్పండి. ఆమె చేసింది లోటు పూడాలన్న ఉద్దేశంతోనే కదా.

ఇక యాంటీ టీపీఓ. అది థైరాయిడ్ గ్రంథి ఎందుకు దెబ్బతిన్నదో చెప్పే పరీక్ష. శరీర రక్షణ వ్యవస్థే గ్రంథిపై దాడి చేసే హాషిమోటో థైరాయిడైటిస్‌లో అది ఎక్కువగా ఉంటుంది. లెవోథైరాక్సిన్ ఆ దాడిని ఆపడానికి ఇచ్చేది కాదు, గ్రంథి తయారుచేయలేని హార్మోనును అందించడానికి ఇచ్చేది. కాబట్టి ఆ అంకె 600 ఉన్నా 900 ఉన్నా డోసు దాన్ని బట్టి మారదు. మళ్లీ మళ్లీ ఆ పరీక్ష చేయించడం అనవసరం. ఇప్పటి టీఎస్‌హెచ్‌కు కారణం మీకు దొరికింది.

సరిగ్గా వేసుకున్నా తదుపరి పరీక్షలో టీఎస్‌హెచ్ దిగకపోతే అప్పుడు ఇతర కారణాలు వెతుకుతాము. బరువు పెరగడం, ఆమ్లం తగ్గించే మాత్రలు చాలాకాలం వాడడం, సీలియాక్ వ్యాధి (గోధుమలోని గ్లూటెన్ పడక పేగులు దెబ్బతినే జబ్బు), హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా వల్ల వచ్చే జీర్ణాశయ వ్యాధి, మూర్ఛకు వాడే కొన్ని మందులు, ఈస్ట్రోజెన్ మాత్రలు కొత్తగా మొదలుపెట్టడం వీటిలో కొన్ని. గ్రంథి పూర్తిగా పనిచేయనివారికి కావలసిన డోసు బరువులో కిలోకు సుమారు 1.6 మైక్రోగ్రాములు ఉంటుంది. బరువుకు తగిన డోసు కంటే చాలా ఎక్కువ అవసరమవుతున్నట్లు కనిపిస్తే మందు సరిగ్గా ఒంటికి పట్టడం లేదని అనుమానిస్తాము.

గర్భం దాల్చిన స్త్రీల విషయం దీనికి పూర్తిగా భిన్నం. వారికి డోసు అవసరం మొదటి వారాలలోనే 25 నుంచి 30 శాతం పెరుగుతుంది కాబట్టి, గర్భం అని తెలిసిన వెంటనే వైద్యునికి చెప్పాలి, 6 వారాలు ఆగి చూద్దామనుకోకూడదు. మీ అమ్మగారికి గుండె దడ, లయ తప్పడం, ఛాతీనొప్పి, ఆయాసం వచ్చినా, లేదా విపరీతమైన మగత, అయోమయం, ఒళ్లు చల్లబడడం వంటివి కనిపించినా వచ్చే వారం దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

వెన్నెలవాన

చాలా స్పష్టంగా చెప్పారు, డాక్టరుగారూ. మాత్రలు వేసుకోని వారాల సంగతి, రెండేసి వేసుకున్న సంగతి కాగితం మీద రాసిపెట్టాను. కాల్షియం రాత్రి భోజనానికి మార్చాము. ఒక్క సందేహం మిగిలింది. 6 వారాల తరువాత చేయించిన పరీక్షలో టీఎస్‌హెచ్ 5 అని వస్తే, అది కూడా ‘ఎక్కువ’ అనే కదా రిపోర్టులో ఉంటుంది. అప్పుడు ఏమనుకోవాలి?

జవాబు — మందారమాల

అంకెతోపాటు అది వెళుతున్న దిశను చూడాలి. 11.2 నుంచి 5కు దిగి, ఫ్రీ టీ4 పరిధిలో ఉంటే, మందు అందుతోందని, పిట్యూటరీ ఇంకా పూర్తిగా సర్దుకోలేదని అనుకోవడానికి అవకాశం ఎక్కువ. అప్పుడు చాలామంది వైద్యులు అదే డోసుతో మరో 6 వారాలు చూస్తారు, ఎందుకంటే ఇదే డోసు మీద ఆమెకు ఎన్నో ఏళ్లు టీఎస్‌హెచ్ 2, 3 మధ్య ఉంది. ఆ తరువాత కూడా పరిధి పైనే నిలిచిపోతే డోసును కొద్దిగా, 12.5 లేదా 25 మైక్రోగ్రాములు, పెంచే ఆలోచన చేస్తారు. వయసు 70 దాటినవారికైతే 4 నుంచి 6 మధ్య ఉన్నా సరిపోతుందని వదిలివేయడం సాధారణమే. 58 ఏళ్ల మనిషికి పరిధిలోకి తీసుకురావడమే లక్ష్యం. లేనిపక్షంలో, ఫ్రీ టీ4 మాత్రం పరిధిలో పై అంచుకు దగ్గరగా ఉండి టీఎస్‌హెచ్ బాగానే ఉంటే అప్పుడు కూడా కలవరపడవద్దు. థైరాక్సిన్ మాత్ర మీద ఉన్నవారికి ఫ్రీ టీ4 ఇతరుల కంటే కొంచెం ఎక్కువగా ఉండడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న గ్రంథి టీ4తోపాటు కొంత టీ3ని కూడా నేరుగా రక్తంలోకి వదులుతుంది, మాత్రలో ఉండేది టీ4 ఒక్కటే.